పెద్ద డిస్కు మీద టేపు

మా అత్తయ్య దగ్గరున్న కంప్యూటర్ ఎంత పాతదంటే, దాన్ని ఆన్ చేస్తే వీధిలో మూడిళ్ళ ఫ్యాన్లు నెమ్మదించేవి. నాలుగో ఇంటివాడు ఒప్పుకోడు గానీ, వాడి ఫ్యాను అంతకుముందే పాడైంది కాబట్టి వాడి సాక్ష్యం చెల్లదు. దాన్ని మేడమీదికి చేర్చడానికి ఆరుగురు కావాల్సొచ్చింది. నేనొక్కణ్ణే ముగ్గురి పెట్టు కనక నిజానికి నలుగురమే మోశాం. పదహారు మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒకసారి దించి, అత్తయ్య చేత నాలుగు తిట్లు తిని, మళ్ళీ ఎత్తాం.

"అది పెట్టె కాదర్రా, మనిషి. అలా అనుకుని మొయ్యండి" అని వెనకనుంచి ఆవిడ ఒకటే గోల.

"మనిషైతే నడిచి ఎక్కమను అత్తయ్యా" అన్నాను. మెట్టుకు నాలుగున్న తిట్లు ఆ తర్వాత ఐదయ్యాయి.

అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. నీటి సరఫరా ఆఫీసులో డేటా కొట్టే ఉద్యోగం. రోజుకు ఎన్ని వేల అంకెలు కొట్టేదో ఆవిడకే తెలియదు. పెళ్ళిళ్ళలో కూడా పక్కావిడతో మాట్లాడుతూ ఒళ్ళో చీర కుచ్చిళ్ళ మీద వేళ్ళతో టకటకలాడించేది. ఆఫీసులో కొత్త చిన్న కంప్యూటర్లు వచ్చి ఈ పాతదాన్ని వరండాలోకి నెట్టేసినప్పుడు, పై అధికారి దగ్గరికి వెళ్ళి ఇంటికి ఇమ్మని అడిగింది. ఎందుకంటే మావయ్యకు మాట పోయింది.

గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయన నోట్లోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. రాసి చూపిద్దామంటే చెయ్యి వణుకు. ఆయన రాసిన కాగితం చదవాలంటే నాలాంటి మేధావి కూడా గంట కూర్చోవాలి. మీటలు నొక్కడం మాత్రం వచ్చేది, ఒక్కో వేలితో ఒక్కోటి. ఆ మెషిన్లో మన అక్షరాలు లేవు. మన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్దక్షరాల్లో కొట్టేవాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. మంచినీళ్ళు అడిగినా కేకేసినట్టే ఉండేది. గొంతులేని మనిషి రాతంతా కేకలే.

ఆయన ఆ మెషిన్ ముందు గడిపిన రెండేళ్ళూ పగలు తోడు నేనే. చివరి ఏడాది పరీక్షలు ఎగ్గొట్టి కాలేజీ మానేసి, నన్ను భరించే శక్తి కాలేజీకి లేకపోయిందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్న రోజులవి. నేను పక్కన కూర్చుని, చేత్తో లారీ ఆపిన కథ చెప్పేవాణ్ణి. ఆయన సాంతం వినేవాడు. తర్వాత టక, టక, టక.

"ఇందులో నిజమెంత?"

"పావు వంతు మావయ్యా."

"ఎక్కువ చెప్పావు."

ఆ మెషిన్‌కు ఎనిమిది అంగుళాల డిస్కులు. విస్తరాకంత ఉంటాయని చెబితే ఇప్పటివాళ్ళు అదీ కోతే అంటారు. రోజుకో పేరుతో ఒక కాగితంలా తెరిచి, ఆ రోజు మాటలన్నీ అందులో కొట్టేవాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని, ప్రతి రెండు మాటలకూ సేవ్ చెయ్యమని అత్తయ్య నేర్పింది. సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా తెర ముందు కూర్చుని ఆ రోజంతా చదువుకునేది. మధ్యమధ్య నవ్వేది. వాళ్ళ సంసారం అలా నడిచింది.

ఆయన పోయిన రోజు పొద్దున ఏం జరిగిందో అత్తయ్య ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు నాలుగైదుసార్లు చెప్పింది, ఎప్పుడూ అవే మాటల్లో. ఎనిమిదీ పావు. బస్సు టైము. భుజాన సంచీ వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. మావయ్య ఏదో కొట్టి, తెర మీద వేలితో తట్టాడు, చూడమని. మళ్ళీ తట్టాడు. "సాయంత్రం చదువుతాలే" అని ఆవిడ మెట్లు దిగిపోయింది. నేను ఆ రోజు పదకొండింటికి వెళ్ళేసరికి కరెంటు లేదు, తెర నల్లగా ఉంది, ఆయన కుర్చీలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్య డిస్కు బయటికి తీసి, అంచున ఉన్న గంటు మీద టేపు ముక్క అతికించింది. "ఇక దీని మీద ఎవరూ ఒక్క అక్షరం రాయలేరు" అంది. నాలుగోనాడు బీరువాలో పెట్టి తాళం వేసింది. చదవలేదు. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు.

"సాయంత్రం చదువుతానన్నానురా. ఆ సాయంత్రం ఇంకా కాలేదు."

రిటైరయ్యాక ఆవిడ మేడమీద రెండు గదుల్లో దుకాణం పెట్టింది. పాత కంప్యూటర్లలో, పాత డిస్కుల్లో చిక్కుకుపోయినవాటిని కొత్త కంప్యూటర్లలోకి తేవడం. ఆవిడ దాన్ని 'దాటించడం' అనేది. కింద నా ఫోన్ కవర్ల కొట్టు. పైన సముద్రంలా వైర్లు. ఆరు రకాల పాత కంప్యూటర్లు, ఒక కొత్తది, మధ్యలో ఆవిడే సొంతంగా టంకం పెట్టుకున్న కేబుళ్ళు. డిస్కును దాని తొడుగులోనే చేత్తో మెల్లగా తిప్పుతూ, కిటికీలాంటి కంతలోంచి స్పిరిట్ దూదితో తుడిచేది. దూదికి గోధుమరంగు పొడి అంటుకుంటే మొహం చిన్నబోయేది. ఆ పొడే అక్షరాలు. పాత డిస్కు చదివిన ప్రతిసారీ కాస్త రాలుతుంది. అందుకే ఒకే ఒక్కసారి, నిదానంగా, సెకనుకు ముప్పై అక్షరాల చొప్పున పంపేది. "పరిగెత్తిస్తే దారిలో జారిపోతాయి" అనేది.

ఆవిడకో నియమం ఉంది. దాటించేవాళ్ళు చదవకూడదు. కొత్త కంప్యూటర్ తెరకు ఒక అట్ట తగిలించేది. అడుగున వేలెడు జాగా మాత్రం కనబడేది, అక్కడ ఎన్ని అక్షరాలు వచ్చాయో లెక్క పడుతుంది. లెక్క సరిపోయిందా లేదా, అంతే ఆవిడకు కావలసింది. మా పక్క కొట్టు టైలరు ఒకసారి వాళ్ళ నాన్న డిస్కు తెచ్చి, ఆగలేక అడిగాడు.

"అమ్మా, మా నాన్న ఏం రాశాడండీ లోపల?"

"నాకేం తెలుసయ్యా? పడవవాడు మూటలు విప్పి చూస్తాడా?"

"కొంచెం చూసుంటారని..."

"చూస్తే నీకంటే ముందు నేను ఏడవాలి. నాకెందుకా బాధ?"

అందరివీ దాటించింది. ఎవరివో ప్రేమలేఖలు, ఎవరివో రాజీనామాలు, ఒక ముసలాయన చిన్నప్పుడు చేసుకున్న బొమ్మల ఆట. తనది మాత్రం బీరువాలోనే.

మధ్యాహ్నాలు పైన ఎవరూ లేనప్పుడు మీటలు కొట్టిన చప్పుడు వస్తుందని మా వీధిలో ఒక కథ ఉంది. దాన్ని పుట్టించింది నేనే. చేతిలో కవరు పెట్టుకుని బేరమాడుతున్న కస్టమర్‌కు ఆ కథ చెబితే, బేరం మర్చిపోయి కవరు తీసుకుని పోయేవాడు. ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, ఒకావిడ ఫోను కూడా మా కొట్లోనే వదిలేసి పరిగెత్తింది. కానీ అత్తయ్య లేనప్పుడు నేను పైకి ఒంటరిగా ఎందుకు వెళ్ళనో ఎవరూ అడగలేదు. నేనూ ఆ కథ చెప్పలేదు.

ఈ ఏడాది మొదట్లో, మావయ్య మెషిన్‌లో ఎనిమిది అంగుళాల డిస్కులు చదివే డ్రైవు లోపల కీచుమనడం మొదలైంది. అత్తయ్య దాన్ని మూడుసార్లు విప్పింది. మూడోసారి మూత బిగించి, చేతులు తుడుచుకుంటూ నన్ను పిలిచింది.

"ఒరేయ్, దీనికి ఇంకొక్క డిస్కు చదివే ఓపిక ఉంది. ఆ తర్వాత పోతుంది."

"ఇంకోటి దొరకదా?"

"దొరికితే నిన్నెందుకు పిలుస్తాను, నీ మొహం చూడ్డానికా? రేపు పొద్దున ఏడింటికి రా. పొద్దునైతే కరెంటు నిలకడగా ఉంటుంది."

నా ఒంట్లో నిలకడ ఆ క్షణానే పోయింది.

పొద్దున వెళ్ళేసరికి బీరువా తెరిచి ఉంది. పాత మెషిన్ వెచ్చబడుతోంది. అత్తయ్య కవరులోంచి డిస్కు తీసి, కిటికీ వెలుతురులో తిప్పి చూసి, అలా ఆగిపోయింది.

"ఒరేయ్, ఇది పెద్ద డిస్కు."

"పెద్దదే. ఎప్పుడూ పెద్దదేగా."

"టేపు వేశాను దీనికి."

"వేశావు. ఆ సాయంత్రమే. నేను పక్కనే ఉన్నా."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. గోరుతో టేపు అంచును తడుముతూ చెప్పింది. ఆఫీసులో అప్పటికే వాడుతున్న చిన్న డిస్కులకు, గంటు మీద టేపు వేస్తే ఇక వాటి మీద రాయలేం. ఈ పెద్దవాటికి సరిగ్గా తిరకాసు. గంటు ఖాళీగా ఉంటే తాళం వేసినట్టు, టేపు వేస్తే తీసినట్టు. రెండూ ఆవిడకు కంఠతా వచ్చు. రెండింటితోనూ ఏళ్ళ తరబడి పని చేసింది. ఆ సాయంత్రం మాత్రం చెయ్యి ఆఫీసు అలవాటున పోయింది.

"తాళం వేశాననుకుని తలుపు బార్లా తీసి పెట్టాన్రా" అంది.

"బీరువాలోనేగా ఉంది ఇన్నేళ్ళూ. ఎవరు రాస్తారులే" అన్నాను.

ఎవరు రాశారో నాకు తెలుసు.

మూడోనాడు మధ్యాహ్నం. ఇంటినిండా చుట్టాలు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. అత్తయ్య లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. డిస్కు బల్ల మీదే ఉంది. నేను మెషిన్ ఆన్ చేసి దాన్ని పెట్టాను. ఆయనతో కాసేపు కూర్చుందామని, అంతే. ఆయన చివర కొట్టింది చదివాను. చదివాక లోపలి గదివైపు చూశాను. ఆ మాట ఈవిడ చదివితే ఏమవుతుందో నా ఇరవై రెండేళ్ళ బుర్రకు కూడా అర్థమైంది. ఆ వాక్యం లేకపోతే ఎలా ఉంటుందో చూద్దామని చెరిపాను. ఆయనలాగే ఒక్కో వేలితో, వేరే వాక్యం కొట్టాను. బాగుందనిపించింది. అబద్ధం కట్టడంలో నాకంటే గొప్పవాడు అప్పటికీ ఇప్పటికీ లేడు. తర్వాత సేవ్ నొక్కాను. టేపు ఉంది కదా, మెషిన్ ఎలాగూ కుదరదంటుందన్న ధైర్యం. తాళం వేసిన తలుపును ఊరికే తోసి చూస్తాం చూడండి, అలా. డ్రైవు మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల గరగరమంది. కుదరదనలేదు. తలుపు తెరుచుకుంది.

అప్పటినుంచి ఆ మధ్యాహ్నపు చప్పుడు నాకు నిజంగానే వినిపిస్తుంది.

అత్తయ్య టేపు పీకేసింది. స్పిరిట్ దూదితో తుడిచింది. దూది గోధుమరంగులోకి మారింది. డిస్కు పెట్టి, డ్రైవు తలుపు మూసి, కొత్త కంప్యూటర్ తెరకున్న అట్ట తీసేసింది. తీసి, తన కుర్చీని అటు తిప్పి, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది.

"దాటించేది నేను. చదివేది నువ్వు. పైకి చదువు."

"అత్తయ్యా, నువ్వే చదువుకో. ఇది నీది."

"నా నియమం నాకుంటుంది. అయినా నాకు ధైర్యం లేదురా. చదువు."

ఆ చివరి రోజు కాగితం ముందే ఎంచి పెట్టుకుంది, వెనక్కి చెయ్యి చాపి మీట నొక్కింది. డ్రైవు కీచుమంది. తెర మీద ఆయన కేకలు ఒక్కో అక్షరమే దిగడం మొదలుపెట్టాయి, ఆవిడ వేగం ఎప్పటికంటే బాగా తగ్గించిందేమో, సరిగ్గా ఆయన కొట్టే వేగంతో. చదివాను.

"నిద్ర పట్టింది. పర్లేదు."

అత్తయ్య తలాడించింది.

"గ్లాసు మీద మూత పెట్టు. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. వచ్చేటప్పుడు మేకు తే."

"మేకు" అంది అత్తయ్య గోడతో. "ఆ రెక్క ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది. తర్వాత?"

తర్వాతది నాది. నా వాక్యాన్ని ఆయన అక్షరాల్లో, ఆయన వేగంతో చూస్తూ చదవాల్సి వచ్చింది.

"ఆలస్యమవుతోంది, బయల్దేరు. సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకుందాం."

డ్రైవు ఆగింది. అత్తయ్య భుజాలు ఒక్కసారి దిగాయి. ఇరవై ఎనిమిదేళ్ళ సంచీ అప్పుడే దించినట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, గట్టెక్కాను అనుకున్నాను.

"ఇంకోటి ఉంది" అంది.

"ఇంకోటేంటి?"

"ఆయన కొట్టిన ఆ రాతల ప్రోగ్రాం గుణం అంత. సేవ్ కొట్టిన ప్రతిసారీ, అంతకుముందున్న దాన్ని పారెయ్యకుండా బ్యాకప్ అని పక్కన పెడుతుంది. చివరి సేవ్‌కు ముందు ఏముందో అది కూడా ఉంటుంది. దాన్నీ దాటిద్దాం. ఆ రోజు ఆయన కొట్టిన అక్షరం ఒక్కటి కూడా వదలను."

ఈ సంగతి నాకు తెలియదు. కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది లేదని వీధిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇదొక్కటి తెలియదు.

మీట నొక్కింది. డ్రైవు ఈసారి ఏడ్చినట్టే కీచుమంది. నిద్ర, గ్లాసు, రెక్క, మేకు. ఆ తర్వాత, నేను చెరిపేశాననుకున్నది పచ్చిగా, చెక్కుచెదరకుండా దిగింది. డ్రైవు ఒకసారి టప్పుమని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

"ఏముంది?"

"అదే అత్తయ్యా. అచ్చం అదే."

"అడుగున లెక్క చెప్పు."

చెప్పాను. మొదటి దాని లెక్క కూడా అడిగింది. ముప్పై ఏళ్ళు అంకెలు కొట్టిన మనిషి, తీసివేత చెయ్యడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"తొమ్మిది అక్షరాలు తక్కువున్నాయి. ఏముందో చదువు."

"అత్తయ్యా..."

"చదవరా."

చదివాను. నా జన్మలో అంత చిన్న గొంతుతో ఏదీ చెప్పలేదు.

"ఇవాళ వెళ్ళకు. ఒక్క రోజు ఇంట్లో ఉండు. భయంగా ఉంది."

కింద రోడ్డు మీద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది నాలుగు తన్నులకు గానీ అందుకోలేదు.

"ఇదన్నమాట ఆయన వేలితో తట్టి చూపించింది" అంది అత్తయ్య చివరికి. "నేను మెట్లు దిగాక మార్చాడన్నమాట. వెళ్ళిపోయింది కదా, సాయంత్రం చదివి బాధపడుతుందని ఇది తీసేసి అది కొట్టాడు. ఎంత మంచివాడో చూశావా?"

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. ఇంత చక్కగా ఆవిడే కట్టి ఇచ్చిన అబద్ధం, నేను చేయాల్సిందల్లా అవునత్తయ్యా అనడం. నోరు తెరిచాను కూడా. కానీ తెర మీద ఆ భయం ఇంకా అలాగే ఉంది. ఒకసారి చెరిపాను దాన్ని. రెండోసారి నా వల్ల కాలేదు.

"ఆయన మార్చలేదు. నేను మార్చాను. మూడోనాడు మధ్యాహ్నం."

"కొయ్యకు."

"కోత కాదు అత్తయ్యా. టేపు ఉంది కదా, ఎక్కదనుకున్నాను."

ఆవిడ కుర్చీ తిప్పింది. దుకాణం పెట్టినప్పటినుంచి మొదటిసారి, తను దాటించినదాన్ని తన కళ్ళతో చూసింది. కళ్ళజోడు పైకి నెట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చదివింది. ఒక మాట దగ్గర వేలు పెట్టింది.

"'మాట్లాడుకుందాం.' గొంతు పోయినవాడు మాట్లాడుకుందాం అంటాడురా? రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆ మాట కొట్టలేదు." నావైపు చూడకుండానే అంది, "మహా అబద్ధాలకోరువని పేరు. ఇంతేనా నీ పనితనం?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ మాత్రం రెంటికీ లొంగలేదు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేదానివా?"

"లేదు" అంది ఆలోచించి. "టైమెంతయింది?"

"ఎనిమిదీ పది."

ఆవిడ లేచి గ్లాసులో నీళ్ళు పోసుకొచ్చింది. మూత పెట్టి పాత మెషిన్ పక్కన ఉంచింది. ఆయన కుర్చీని బట్టతో తుడిచి ఉన్నచోటే ఉంచి, తన కుర్చీ దాని పక్కకు లాక్కుంది.

"కిందికి పోయి చెప్పు. ఇవాళ ఎవరూ పైకి రావద్దు."

"నేనుండనా అత్తయ్యా?"

"నిన్నుండమన్నాడా ఆయన?"

దిగొచ్చేశాను. మెట్ల దగ్గర ఒక టీచరమ్మ డిస్కుల కవరుతో నిలబడి ఉంది. ఇవాళ సెలవని చెప్పాను.

"అయ్యో, ఆవిడకు ఒంట్లో బాలేదా?"

"నిక్షేపంగా ఉంది. మా మావయ్య ఇవాళ ఒక్క రోజు ఇంట్లో ఉండమన్నాడు."

పక్క కొట్లో కుట్టుమిషన్ ఆగింది. టైలరు మెడ బయటికి పెట్టి టీచరమ్మతో, "వీడి మాటలు నమ్మకండమ్మా, వాళ్ళ మావయ్య పోయి పాతికేళ్ళు దాటింది" అన్నాడు. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. నేను కొట్లోంచి స్టూలు తెచ్చి, మెట్లకు అడ్డంగా వేసుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.